ఆరు గంటల చదువుని రెండున్నర గంటలకి తగ్గించాక: ఒక పదో తరగతి విద్యార్థిని కేసు

గుర్తుపట్టే వివరాలు మార్చి, ఇదే కోవకు చెందిన మరికొందరు పిల్లల విషయాలు కూడా కలిపి ఈ కేసు రాశాం. మార్కులు, గంటలు ఆ మేరకు సర్దినవే. చేసిన పని, అందులో జరిగిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం.

కేసు వచ్చిన తీరు

అమ్మాయికి పదిహేనేళ్లు. కృష్ణా జిల్లాలో చిన్న పట్టణం, ప్రైవేటు హైస్కూల్, ఇంగ్లిష్ మీడియం. నాన్నది కిరాణా కొట్టు, అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, తమ్ముడు ఆరో తరగతి. తొమ్మిది దాకా క్లాసులో మొదటి పదిమందిలో ఉండేది. పదో తరగతి క్వార్టర్లీలో 600కి 371 వచ్చాయి. హాఫ్ ఇయర్లీలో 315కి పడిపోయాయి. డిసెంబరు మొదటి వారంలో తల్లి మా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వెంటబెట్టుకుని వచ్చింది.

"పొద్దస్తమానం పుస్తకం పట్టుకునే ఉంటుందండీ. ఫోను కూడా పెద్దగా ముట్టుకోదు. పరీక్ష అనేసరికి కడుపునొప్పి అంటుంది, ఏడుస్తుంది. ఆ టెన్షన్ తగ్గేలా ఏమైనా చెప్పండి" అని ఆవిడ అడిగింది.

అంటే తల్లి తెచ్చిన సమస్య టెన్షన్. చదువు సంగతి ఆవిడ దృష్టిలో సమస్యే కాదు, ఎందుకంటే పిల్ల కళ్లముందే చదువుతోంది. ఇలాంటి కేసుల్లో తొంభై శాతం పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. ఊపిరి వ్యాయామాలు నేర్పి, ధైర్యం చెప్పి పంపిస్తే వారం బాగుంటుంది, ఆ తర్వాత వచ్చే స్లిప్ టెస్టులో మళ్లీ మొదటికే వస్తుంది. (ఆ తొంభై శాతం లెక్కపెట్టి చెప్పింది కాదు, విసుగుతో అన్న మాట.)

తొలి రెండు వారాలు: సలహా ఏమీ ఇవ్వలేదు

ముందు ఒంటి సంగతి చూడాలి. తలనొప్పి, మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నం క్లాసులో నిద్ర ముంచుకురావడం ఉన్నాయి కాబట్టి డాక్టరు దగ్గరికి పంపాం. కంటిచూపు బాగానే ఉంది. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 10.2 గ్రాములు. ఈ వయసు ఆడపిల్లలకి 12 దాటాలి. మన రాష్ట్రాల్లో ఇది అరుదేమీ కాదు: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత తేలింది. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. ఇంట్లో ఆ మాత్రని రాత్రి తొమ్మిదిన్నరకి, నిద్ర రాకుండా తాగే చిక్కటి టీతో కలిపి ఇస్తున్నారని తర్వాత తెలిసింది. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. మాత్రని మధ్యాహ్నం అన్నం తర్వాతకి మార్చి, రాత్రి టీ మాన్పించారు.

రెండోది, చనిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి సూటిగా అడిగాం. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది టీచర్లు భయపడతారు. అలా పుట్టదు, పైగా ఆ ఆలోచన ఉన్న పిల్లకి బయటికి చెప్పుకునే దారి దొరుకుతుంది. ఈ అమ్మాయి లేదంది. లేదన్నా 14416 టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు తన రఫ్ బుక్ అట్ట లోపల రాయించాం. అదే ప్రశ్న జనవరిలో, ప్రీ ఫైనల్ అయ్యాక మళ్లీ అడిగాం. "అవును" అని వచ్చుంటే ఈ చదువు ప్లాన్లన్నీ పక్కన పెట్టి అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాల్సిన కేసు అయ్యేది.

మూడోది డైరీ. మూడు రోజులపాటు ప్రతి పదిహేను నిమిషాలకీ ఏం చేస్తున్నదీ ఒక్క ముక్కలో రాయమన్నాం. "చదివాను" అని రాయకూడదు. చూసి రాశానా, పైకి చదివానా, లెక్క చేశానా అన్నది రాయాలి.

స్కూలు ఎనిమిదింటికి మొదలై ఐదింటిదాకా, ఆపైన ఆరున్నర దాకా స్టడీ అవర్. ఇంట్లో రాత్రి ఏడున్నర నుంచి పదకొండున్నర, మళ్లీ తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర, మొత్తం ఆరు గంటలు. నిద్ర పదకొండూముప్పావు నుంచి నాలుగున్నర దాకా, అంటే ఐదు గంటలు కూడా లేదు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలన్నది వైద్యులు ఒప్పుకునే లెక్క.

ఇంటి దగ్గర ఆ ఆరు గంటలూ ఎటు పోయాయో చూడండి. నోట్సుని మళ్లీ ఫెయిర్‌గా చూసి రాయడానికి 2 గంటల 40 నిమిషాలు. పైకి చదవడం, గీతలు గీయడం 1 గంట 50 నిమిషాలు. గైడ్‌లో చేసిన లెక్కని చూస్తూ మళ్లీ దించడం 50 నిమిషాలు. మిగతా 40 నిమిషాలు నీళ్లు, చిరుతిండి, పక్క గదిలో టీవీ శబ్దం. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్న సమయం మూడు రోజుల్లో కలిపి సున్నా.

ఖాళీ కాగితం

మొత్తం కేసుకి కీలకం పది నిమిషాల ఈ పరీక్షే. ముందురోజు రాత్రి భౌతికశాస్త్రంలో విద్యుత్ పాఠం రెండుసార్లు చదివానంది. ఎంత వచ్చు అంటే పదికి తొమ్మిది అంది. పాఠంలోని ముఖ్యమైన అంశాలు 24 అని ముందే మేం గుర్తుపెట్టుకుని, ఖాళీ కాగితం ఇచ్చి పది నిమిషాల్లో గుర్తున్నదంతా రాయమన్నాం. ఇరవై రాస్తానంది.

ఏడు రాసింది. ఓమ్ నియమం, నిరోధం యూనిట్, శ్రేణి సంధానం సూత్రం బాగానే వచ్చాయి. సమాంతర సంధానం సూత్రం తిరగేసింది. తీగ పొడవు పెరిగితే నిరోధం ఏమవుతుంది, మందం పెరిగితే ఏమవుతుంది అన్నవి రెండూ లేవు. జౌల్ నియమం పేరు మాత్రం రాసి ఆగింది. పది రోజుల కిందట చదివిన ఇంకో పాఠం మీద ఇదే పని చేయిస్తే రెండే వచ్చాయి.

కాగితం చూసి, "నిన్న రాత్రి చూసినప్పుడు అంతా వచ్చు మేడమ్" అంది. అబద్ధం కాదది. చూస్తూ చదువుతున్నప్పుడు ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది. తెలిసిన మొహాన్ని గుర్తుపట్టడం వేరు, పేరు పెట్టి పిలవడం వేరు. పరీక్ష హాల్లో కావాల్సింది రెండోది. ఇంట్లో ఆరు గంటలూ మొదటిదే సాధన చేసి, హాల్లోకి వెళ్లి రెండోది రావడం లేదని గుర్తించిన క్షణం నుంచి కడుపునొప్పి మొదలైంది. టెన్షన్ వల్ల మర్చిపోతోందని ఇంట్లో వాళ్లు అనుకున్నారు. జరుగుతున్నది తలకిందులుగా ఉంది: తనకి ఏది వచ్చో ఏది రాదో ముందే తెలుసుకునే దారి లేకపోవడం వల్ల ప్రతి పరీక్షా ఆమెకి లాటరీ టిక్కెట్‌లా తయారైంది.

హాఫ్ ఇయర్లీ గణితం పేపరు తెప్పించి పోయిన 62 మార్కుల్ని మూడుగా విడదీశాం. తెలియక పోయినవి 21. తెలిసీ పొరపాటు చేసినవి 24. రాయకుండా వదిలేసినవి 17. పొరపాట్లలో ఒకటి: ఎక్స్ స్క్వేర్ మైనస్ 5ఎక్స్ మైనస్ 14 ఈక్వల్ టు సున్నా. విచక్షణి కోసం బీ స్క్వేర్ మైనస్ 4ఏసీ వేసింది. ఇక్కడ సీ విలువ మైనస్ 14. ఆ మైనస్ వదిలేసి 25 మైనస్ 56 అని రాసి, మైనస్ 31 వచ్చింది కాబట్టి వాస్తవ మూలాలు లేవని తేల్చేసింది. సరిగ్గా అయితే 25 ప్లస్ 56, మొత్తం 81, మూలాలు 7, మైనస్ 2. ఇదే పొరపాటు ఆ పేపర్లో మూడు చోట్ల ఉంది. టీచరు మూడుచోట్లా ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టారు తప్ప, మూడూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు. "లెక్కల్లో వీక్" అన్న ముద్ర మాత్రం పడింది.

నిద్రతో మొదలుపెట్టాం, గొడవైంది

పది గంటలకి పడుకుని ఐదున్నరకి లేవాలన్నది మొదటి మార్పు. తల్లి ఒప్పుకోలేదు. తెల్లారుజామున చదివితేనే బుర్రకెక్కుతుందన్నది ఆవిడ నమ్మకం, వాళ్లమ్మ దగ్గర నుంచి వచ్చింది. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు. ఆ మాట పుట్టిన రోజుల్లో పల్లెల్లో రాత్రి ఎనిమిదింటికి దీపం ఆర్పేసేవాళ్లు. ఇప్పుడు నాలుగున్నరకి లేవడం మాత్రం మిగిలింది, ఎనిమిదింటికి పడుకోవడం పోయింది. ఈ మాట చెప్పాక ఆవిడ నవ్వి, సరే ఐదింటికన్నా లేపుతానంది. ఐదున్నర దగ్గర బేరం కుదిరింది. ఏడున్నర గంటల నిద్ర ఎనిమిదికి తక్కువే. స్కూలు వేళలు మారవు కాబట్టి అంతకంటే సాగలేదు.

చదివింది నిద్రలోనే కుదురుకుంటుంది. నాలుగున్నరకి లేపి చదివించడమంటే రాత్రి పోసిన కాంక్రీటుని ఆరకముందే తవ్వడం లాంటిది.

మొదటి టైమ్ టేబుల్ మూడు రోజులు కూడా నడవలేదు

అది మా పొరపాటే. రోజూ ఆరు సబ్జెక్టులకీ గళ్లు గీసి ఇచ్చాం. రెండో రోజు స్కూలు బస్సు ఆలస్యమై మొదటి గడి పోయింది. పోయిన గడిని రాత్రిలోకి తోసింది, దాంతో నిద్ర పోయింది, మూడో రోజు కాగితం చించేసింది. అన్నీ సరిగ్గా జరిగితేనే నిలబడే టైమ్ టేబుల్ పదో తరగతి ఇంట్లో నిలబడదు; చుట్టాలొస్తారు, కరెంటు పోతుంది, స్కూలువాళ్లు సాయంత్రం ఏడుదాకా ఉంచేస్తారు.

రెండోసారి ఇలా ఇచ్చాం. రాత్రి 7:45 నుంచి 8:25 ఒక విడత. పది నిమిషాలు లేచి తిరగడం. 8:35 నుంచి 9:15 రెండో విడత. ఆపైన అరగంట ఖాళీ. ఏదైనా మిగిలితే అందులోకి, మిగలకపోతే తమ్ముడితో ఆడుకోవచ్చు. పొద్దున 5:50 నుంచి 6:30 మూడో విడత, అది లెక్కలకే. అంటే ఇంట్లో చదువు రెండు గంటలు, ఖాళీ అరగంట కలుపుకుంటే రెండున్నర. ఆరు నుంచి రెండున్నరకి. ఈ లెక్క విన్నాక తండ్రి మొదటిసారి నోరు విప్పి, "లక్ష పోసి చదివిస్తోంది ఇందుకా అండీ?" అన్నాడు. నెల రోజులు గడువు అడిగాం.

నలభై నిమిషాల విడత లోపల ఏం జరగాలో అదే ముఖ్యం. మొదటి 5 నిమిషాలు నిన్నటి భాగం పుస్తకం తెరవకుండా నోటితో చెప్పడం. తర్వాత 20 నిమిషాలు కొత్త భాగం చదవడం, అదీ రెండు మూడు పేజీలకి మించకుండా. పుస్తకం మూసి 10 నిమిషాలు ఖాళీ కాగితం మీద రాయడం. ఆఖరి 5 నిమిషాలు పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చడం. మర్నాడు మొదటి ఐదు నిమిషాల్లో చూడాల్సింది ఆ ఎర్ర రాతలే. టైమరు 25 నిమిషాలకి పెట్టుకునే పద్ధతి ఒకటి బాగా ప్రచారంలో ఉంది. ఆఫీసు పనికి అది సరిపోతుంది కానీ, ఎనిమిది మార్కుల లెక్క, సోషల్ మ్యాపు మధ్యలో గంట మోగితే పిల్లలకి చిరాకే.

ఇంగ్లిష్ మీడియం కావడంతో ఇంకో చిక్కు ఎదురైంది. జవాబుని అర్థం లేకుండా వాక్యాల దండలా పట్టుకుంది. మధ్యలో ఒక పూస జారితే మిగతాదంతా పోయేది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు పాఠ్యపుస్తకాలు ద్విభాషల్లో వస్తున్నాయి, ఎదురెదురు పేజీల్లో ఇంగ్లిషూ తెలుగూ ఉంటాయి. ఈ అమ్మాయి ఏడాదిగా తెలుగు పేజీ వైపు చూడలేదు, చూస్తే టీచరు నవ్వుతారని. ముందు తెలుగులో తన సొంత మాటల్లో చెప్పి, తర్వాత ఇంగ్లిషులో రాసే అలవాటు చేయించాం. అన్ని సబ్జెక్టులకంటే ముందు జీవశాస్త్రంలో ఫలితం కనపడింది దీనివల్లే.

కార్డులు, మూడు స్వీటు డబ్బాలు

మర్చిపోయే వేగాన్ని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపించాడు. ఆ వేగానికి అడ్డుకట్ట వేయాలంటే మర్చిపోయే ముందు మళ్లీ గుర్తు చేసుకోవాలి, ఆ ఎడం పోనుపోనూ పెంచాలి. కార్డుకి ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు రాసి, ఆ కార్డుల్ని మూడు డబ్బాల్లో తిప్పే పద్ధతి అందుకే. మొదటి డబ్బాలో కార్డులు రోజూ చూడాలి, రెండో దాంట్లోవి మూడు రోజులకోసారి, మూడో దాంట్లోవి వారానికోసారి. చెప్పగలిగితే కార్డు తర్వాతి డబ్బాలోకి పోతుంది, తప్పితే ఏ డబ్బాలో ఉన్నా మొదటి డబ్బాకి తిరిగొస్తుంది. కొట్లో ఖాళీ స్వీటు డబ్బాలు ఉన్నాయి. పాత పెళ్లి శుభలేఖలు కత్తిరిస్తే కార్డులు అయ్యాయి. ఖర్చు సున్నా.

మొదటి వారం ఇదీ చెడింది, రెండు రకాలుగా. ఒకటి, కార్డు మీద "కాలేయం గురించి రాయుము" అని రాసి వెనక పద్నాలుగు లైన్లు కుక్కింది. అది నోట్సే, సైజు తగ్గిందంతే. సగం చెప్పగలిగితే వచ్చినట్టా రానట్టా తేల్చలేం. దాన్ని మూడు చేయించాం. పైత్యరసం ఎక్కడ తయారవుతుంది? కాలేయంలో. ఎక్కడ నిల్వ ఉంటుంది? పిత్తాశయంలో. అందులో ఎంజైములు ఉంటాయా? ఉండవు, అయినా కొవ్వుని చిన్న బిందువులుగా విడగొడుతుంది. ఒక కార్డుకి ఒకే ప్రశ్న, జవాబు రెండు లైన్లు దాటకూడదు.

రెండోది అత్యుత్సాహం. రోజుకి అరవై కార్డుల చొప్పున మూడు రోజులు తయారుచేసింది. నాలుగో రోజుకి మొదటి డబ్బాలోనే నూట ఎనభై. గంటన్నర పట్టేంత పని అది. రోజుకి కొత్తవి 15 మించొద్దని కట్టడి చేశాక తిరగేయడానికి పదిహేను ఇరవై నిమిషాలు చాలింది, అదీ బస్సులో, స్టడీ అవర్‌లో.

మూడో వారం: మార్కులు ఇంకా తగ్గాయి

సోషల్ స్లిప్ టెస్టులో 25కి అంతకుముందు 14 వచ్చేవి, ఈసారి 11. ఇంట్లో అలజడి. అమ్మాయి మాట ఇంకా దిగులుగా ఉంది: "ఇంతకుముందు చదివితే వచ్చినట్టుండేది మేడమ్. ఇప్పుడు ఎంత చేసినా ఏమీ రానట్టుంది."

ఇది ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం మా లోపం. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక గుంపు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒకసారి చదివి మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుంది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత పెడితే వాళ్లకి గుర్తున్నది 40 శాతం, గుర్తు తెచ్చుకున్నవాళ్లకి 61 శాతం. స్లిప్ టెస్టు అంటే పొద్దున చదివి పొద్దునే రాసేది, ఆ ఐదు నిమిషాల పరీక్షలాంటిది. బట్టీ అక్కడ గెలుస్తుంది. మార్చిలో పబ్లిక్ పరీక్ష వారం తర్వాతి పరీక్షలాంటిది. ఈ రెండు అంకెలు కాగితం మీద రాసి చూపించాక తండ్రి కాసేపు చూసి, "సరుకు నిల్వ ఉండాలంటే వేరే లెక్క" అన్నాడు. కొట్టు మనిషి కదా.

ఆ రోజే విద్యుత్ పాఠం మీద ఖాళీ కాగితం మళ్లీ ఇచ్చాం. పన్నెండు రోజులుగా ఆ పుస్తకం తెరవలేదు, కార్డులు మాత్రం తిరిగాయి. 24కి 17 వచ్చాయి. అమ్మాయి మొహంలో మార్పు మొదటిసారి కనపడింది అప్పుడే. మేం చెప్పిన ఏ ధైర్యవచనమూ చేయలేని పని ఆ కాగితం చేసింది.

లెక్కల్లో పద్ధతి వేరు. ఒకే అభ్యాసంలోంచి పది లెక్కలు వరసగా చేస్తే, మూడో లెక్క నుంచి ఆలోచించక్కర్లేదు, చెయ్యి దానంతటదే పోతుంది. పరీక్షలో ఏ లెక్క ఏ పాఠంలోదో ఎవరూ చెప్పరు. అందుకని అంకశ్రేఢులు, వర్గసమీకరణాలు, త్రికోణమితి, సంభావ్యత నుంచి రెండేసి తీసి కలిపి ఎనిమిది లెక్కల చీటీ ఇచ్చాం. వారానికి ఒకసారి ఇరవై లెక్కలు ఇచ్చి, చేయకుండా ఏ పద్ధతో పేరు మాత్రం పది నిమిషాల్లో రాయించాం. తప్పుల పుస్తకంలో ప్రతి తప్పు పక్కన "తెలియక", "పొరపాటు", "సమయం" అన్న మూడింట్లో ఒకటి రాయాలి. మైనస్ గుర్తు పొరపాటు నాలుగోసారి రాసేటప్పటికి తనకే నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏ, బీ, సీ విలువల్ని గుర్తుతో సహా పక్కన గడి కట్టి రాసుకోవడం తనంతట తనే మొదలుపెట్టింది.

పరీక్ష హాలు

ఒత్తిడి మీద నేరుగా పని చేసింది ఈ దశలోనే, అంటే జనవరిలో. పరీక్ష పొద్దున ఒత్తిడి ఎంత అంటే పదికి 8 అనేది. మొదటి పదిహేను నిమిషాలు బుర్ర ఖాళీ అయిపోతుందనేది ముఖ్య ఫిర్యాదు.

ఇంటి దగ్గర హాలు వాతావరణం పెట్టాం: ఆదివారం తొమ్మిదిన్నరకి, ప్లాస్టిక్ కుర్చీ, చెక్క అట్ట, గోడ గడియారం, ఎవరూ పలకరించకూడదు. తొలి ఆదివారమే 100 మార్కుల పూర్తి పేపరు ఇచ్చాం. నలభయ్యో నిమిషంలో పెన్ను పడేసి ఏడ్చింది. ఈత రానివాణ్ని నడి కాలవలో దింపినట్టయింది. వెనక్కొచ్చి 25 మార్కులు 45 నిమిషాలు, తర్వాతి వారం 50 మార్కులు గంటన్నర, ఆ తర్వాతే పూర్తి పేపరు.

బుర్ర ఖాళీ అయినప్పుడు చేయాల్సింది: పెన్ను కింద పెట్టి, రెండు పాదాలు నేలకి ఆనించి, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని ఆరు లెక్కపెడుతూ వదలడం, అలా ఆరు సార్లు. ఒక్క నిమిషం పని. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. తర్వాత పేపర్లో బాగా వచ్చిన ఒక్క మార్కు ప్రశ్న వెతికి రాయడం. దీన్ని రెండు వారాలు రోజూ పడుకునే ముందు సాధన చేయించాం. హాల్లో మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు, "ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేకపోతున్నా" అన్న భయం కొత్తగా తోడవుతుంది.

పరీక్షకి ముందు పది నిమిషాలు భయాలన్నీ కాగితం మీద రాసేసే పద్ధతి కూడా ఇచ్చాం. రెండుసార్లు చేసి, "రాస్తే ఇంకా గుర్తొస్తున్నాయి" అంది. మాన్పించేశాం. కొందరికి పనికొస్తుంది, ఈ అమ్మాయికి రాలేదు.

గణితం పేపరు మూడు గంటల పదిహేను నిమిషాలు, అందులో పదిహేను నిమిషాలు చదువుకోవడానికి. మొత్తం 33 ప్రశ్నలు. ఒక్క మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. మూడు గంటల్ని ఇలా పంచాం: ఒక్క మార్కువాటికి 15 నిమిషాలు, రెండు మార్కులవాటికి 25, నాలుగు మార్కులవాటికి 55, ఎనిమిది మార్కులవాటికి 70, సరిచూసుకోవడానికి 15. ఒక ఎనిమిది మార్కుల లెక్క దగ్గర 14 నిమిషాలు దాటితే సగంలో ఆపి చోటు వదిలి ముందుకి పోవాలి. హాఫ్ ఇయర్లీలో వదిలేసిన 17 మార్కులు పోయింది ఒకే ఒక్క త్రికోణమితి లెక్క మీద ముప్పావుగంట కూర్చున్నందుకే.

ఇల్లు, స్కూలు

తల్లి రాత్రంతా కుట్టుమిషను పక్కనపెట్టి, పిల్ల ఎదురుగా కూర్చునేది. కాపలా అని ఆవిడ అనుకోలేదు, తోడు అనుకుంది. పిల్లకి కాపలాలాగే ఉండేది. మళ్లీ మిషను దగ్గరికి పొమ్మన్నాం. మిషను శబ్దం అలవాటైనదే, అడ్డం రాలేదు. పరీక్ష నుంచి రాగానే "ఎన్నొస్తాయి?" అనే మాట మానేసి "ఎక్కడ ఆగావు?" అని అడగమన్నాం. మావయ్యగారి అమ్మాయితో పోలిక మానడానికి మాత్రం ఫిబ్రవరి దాకా పట్టింది, అదీ పూర్తిగా పోలేదు.

స్కూల్లో క్లాస్ టీచరు ఒక మార్పుకి ఒప్పుకున్నారు: తప్పు జవాబుని ఐదుసార్లు ఇంపోజిషన్ రాసే బదులు, ఒకసారి చూడకుండా రాసి చూపిస్తే చాలు. ర్యాంకుల జాబితా వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఆపమంటే ఒప్పుకోలేదు. తల్లి ఆ గ్రూపుని మ్యూట్ చేసుకుంది.

ఏమైంది

జనవరి ఆఖరున మొదటి ప్రీ ఫైనల్లో 342, ఫిబ్రవరి ఆఖరున రెండో దాంట్లో 398, పబ్లిక్‌లో 437. తెలుగు 84, హిందీ 77, ఇంగ్లిష్ 67, గణితం 61, భౌతికశాస్త్రం 50కి 33, జీవశాస్త్రం 50కి 39, సోషల్ 76. ఐదు వందలు ఆశించిన తండ్రికి ఇది తక్కువే. డిసెంబరులో 38గా ఉన్న గణితం 61 కావడం మాకు ఎక్కువ విలువైన అంకె. అందులో అధిక భాగం కొత్తగా నేర్చుకున్నది కాదు, పొరపాట్లు తగ్గి, వదిలేసిన ప్రశ్నలు రాయడం వల్ల వచ్చింది. భౌతికశాస్త్రం లెక్కలు చివరిదాకా ఇబ్బందే. కాంతి పాఠంలో గుర్తు సంప్రదాయం దగ్గర అదే మైనస్ జబ్బు ఇంకో రూపంలో ఉంది, దానికి సమయం చాలలేదు.

పరీక్ష పొద్దున ఒత్తిడి 8 నుంచి 5కి వచ్చింది. అంతకంటే దించాలని ప్రయత్నించలేదు. ఐదు ఉన్న పిల్ల హాల్ టికెట్ మర్చిపోదు.

ఇందులో ఎంత కార్డులది, ఎంత నిద్రది, ఎంత ఐరన్ మాత్రలది అని విడదీసి చెప్పలేం. మూడూ ఒకే నెలలో మొదలయ్యాయి. ఎనిమిది వారాలకి హిమోగ్లోబిన్ 11.4కి పెరిగింది, మధ్యాహ్నం నిద్ర ముంచుకురావడం అప్పటికే తగ్గింది. మాత్రలు ఒక్కటే ఇచ్చుంటే ఓపిక వచ్చేది, ఆ ఓపికతో ఇంకో రెండు గంటలు ఫెయిర్ నోట్సు రాసేది అన్నది మా అనుమానం.

జూన్‌లో ఒకసారి వచ్చింది. ఇంటర్‌లో బైపీసీ, హాస్టల్. అక్కడ స్టడీ అవర్ ఐదింటికే మొదలు, రాత్రి లైట్లు ఆర్పేది పదకొండింటికి. ఆరు గంటల నిద్ర. వార్డెనుతో మాట్లాడమంది. మాట్లాడితే, ఒక్క పిల్లకి రూలు మార్చలేమన్నారు, మధ్యాహ్నం భోజనం తర్వాత ఇరవై నిమిషాలు పడుకోనిస్తామన్నారు. స్వీటు డబ్బాల్లో రెండు హాస్టల్‌కి తీసుకెళ్లింది, మూడోది తమ్ముడు గోళీలకి తీసుకున్నాడట. వారానికోసారి చూసే కార్డులకి ఇప్పుడు రబ్బరు బ్యాండు వేసి పెడుతోంది.